హెచ్‌డీ క్యామ్‌కార్డర్ ఫైళ్లు ఎడిటింగ్‌లో ఎక్కడ మొరాయిస్తాయి?

విండోస్ 11 లో 24హెచ్2 వెర్షన్ వచ్చిన తరవాత పాత పెళ్లి ఫుటేజీని తెరిచిన కొందరికి ఒక వింత ఇబ్బంది ఎదురవుతోంది. బొమ్మ చక్కగా కనిపిస్తుంది, మంత్రాలు మాత్రం వినపడవు. ఫైలు పాడైందేమోనని అదే కార్డును పాత కంప్యూటర్‌లో పెట్టి చూస్తే సన్నాయి, డోలు, పంతులుగారి గొంతు అన్నీ స్పష్టంగా వినిపిస్తాయి. లోపం ఫైలులోనూ లేదు, కెమెరాలోనూ లేదు. ఆ ఫుటేజీలోని ఆడియో ఏసీ-3 అనే పద్ధతిలో రికార్డయింది. దాన్ని చదివే భాగాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసే 24హెచ్2 తో కలిపి ఇవ్వడం మైక్రోసాఫ్ట్ మానేసింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన సొంత శక్తితో కాక విండోస్ మీద ఆధారపడి ఆ ఆడియోను చదువుతూ వచ్చినట్లయితే, ఇప్పుడు దానికి చేతికర్ర పోయినట్టే.

ఇదే సమయంలో కొత్త కెమెరాలు కొన్నవారు మరో రకమైన ఫిర్యాదు చేస్తున్నారు. లక్షన్నర పెట్టి కట్టించుకున్న కంప్యూటర్‌లో కొత్త క్లిప్ టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ) మీద పడగానే ఆగి ఆగి నడుస్తోందనీ, అంతకంటే చవకైన ల్యాప్‌టాప్‌లో మాత్రం సాఫీగా సాగుతోందనీ అంటున్నారు. రెండు సందర్భాల్లోనూ మిక్సింగ్ యూనిట్లలో (పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చోట్ల) వినిపించే మాట ఒక్కటే: ‘సాఫ్ట్‌వేర్ ఈ ఫైల్‌ని సపోర్ట్ చేయట్లేదు.’ అయితే మొదటి దాని మూలం లైసెన్సుల వ్యవహారంలో ఉంది, రెండో దాని మూలం చిప్ నిర్మాణంలో ఉంది. ఫలానా ఫార్మాట్‌కు మద్దతు ఉందని సాఫ్ట్‌వేర్ అట్ట మీద అచ్చువేసే ఒక్క వాక్యం కింద ఇలాంటి పొరలు అరడజను దాకా ఉంటాయి. ఏ ఒక్కటి తెగినా పని ఆగిపోతుంది.

డబ్బా వేరు, లోపలి సరుకు వేరు

ఎంపీ4, ఎంఓవీ, ఎంటీఎస్, ఎంఎక్స్ఎఫ్ అని ఫైలు పేరు చివర కనిపించేవి డబ్బాల పేర్లు మాత్రమే. వీటిని కంటైనర్లు అంటారు. వీడియో, ఆడియో, టైమ్‌కోడ్ వంటివాటిని ఒకచోట కట్టి, ఏ శబ్దం ఏ బొమ్మతో కలిసి రావాలో రాసిపెట్టడం వీటి పని. లోపలి వీడియోను కుదించిన పద్ధతి పేరు కోడెక్. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 అనేవి కోడెక్‌లు. ఒకే ఎంపీ4 డబ్బాలో హెచ్.264 ఉండవచ్చు, హెచ్.265 ఉండవచ్చు. ఒకే హెచ్.264 వీడియో ఎంటీఎస్‌లోనూ రావచ్చు, ఎంఎక్స్ఎఫ్‌లోనూ రావచ్చు. అందుచేత ‘మా సాఫ్ట్‌వేర్ ఎంపీ4 తీసుకుంటుంది’ అన్న మాట నిజమే అయినా, దానివల్ల తెలిసేది తక్కువ.

కోడెక్ పేరు తెలిసినా విషయం పూర్తికాదు. హెచ్.264 లోనే ప్రొఫైల్, లెవెల్ అనే విభాగాలున్నాయి. రంగును ఎంత వివరంగా దాచారు, ఒక్కో నమూనాకు ఎనిమిది బిట్లు వాడారా పది బిట్లు వాడారా అన్నవి వీటి పరిధిలోకి వస్తాయి. ఎనిమిది బిట్ల హెచ్.264 ను అవలీలగా నడిపే సాఫ్ట్‌వేర్, పది బిట్ల హెచ్.264 దగ్గర తెల్లమొహం వేయవచ్చు. పేరు రెండింటికీ ఒకటే.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక సాధారణ క్యామ్‌కార్డర్ ఎంటీఎస్ ఫైలును తెరిస్తే ఈ పొరలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కంటైనర్ అన్నచోట బీడీఏవీ అనీ, వీడియో అన్నచోట ఏవీసీ, హై ప్రొఫైల్, లెవెల్ 4 అనీ, రంగు దగ్గర 4:2:0 (రంగు వివరాన్ని కొంత తగ్గించి దాచే పద్ధతి), ఎనిమిది బిట్లు అనీ, స్కాన్ దగ్గర ఇంటర్‌లేస్డ్ (ఫ్రేమును సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా విడదీసినది), పై ఫీల్డ్ ముందు అనీ, ఆడియో దగ్గర ఏసీ-3, 48 కిలోహెర్ట్జ్ అనీ ఉంటుంది. ఏవీసీ అన్నది హెచ్.264 కే మరో పేరు. ఈ ఆరేడు పంక్తులు ముందు పెట్టుకుని మాట్లాడితే, సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడుతోందో చెప్పడం చాలా వరకు సులువవుతుంది.

టేపు నుంచి కార్డుకు మారినప్పుడు జరిగినది

డీవీ టేపుల కాలంలో ఈ గొడవ దాదాపుగా లేదు. 1995 లో వచ్చిన డీవీ పద్ధతిలో వీడియో సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున టేపు మీదికి ఎక్కేది. ప్రతి ఫ్రేమూ దేనికది స్వతంత్రంగా ఉండేది. ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌కు కలిపి క్యాప్చర్ చేస్తే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని తీసుకునేది.

2003 లో సోనీ, జేవీసీ, క్యానన్, షార్ప్ కలిసి హెచ్‌డీవీని ప్రకటించాయి. అదే చిన్న టేపు, అదే ఫైర్‌వైర్, 1080 గీతల రకంలో అదే సెకనుకు 25 మెగాబిట్లు. బొమ్మలోని పిక్సెళ్లు మాత్రం దాదాపు నాలుగు రెట్లయ్యాయి. అంత బొమ్మను అదే చోట ఇరికించడానికి ఎంపెగ్-2 ను ఆశ్రయించారు, దాంతో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం మొదలైంది. 2006 మే నెలలో సోనీ, పానసోనిక్ ఏవీసీహెచ్‌డీని ప్రకటించాయి. టేపు పోయి కార్డు, హార్డ్ డిస్క్ వచ్చాయి, ఎంపెగ్-2 స్థానంలో హెచ్.264 వచ్చింది. గరిష్ఠ వేగం సెకనుకు 24 మెగాబిట్లు. 2011 లో సవరించిన రెండో వెర్షన్‌లో 50, 60 పూర్తి ఫ్రేముల 1080 ని చేర్చి ఆ పరిమితిని 28 కి పెంచారు. 2013 లో సోనీ తెచ్చిన ఎక్స్ఏవీసీ ఎస్ అదే హెచ్.264 ను ఎంపీ4 డబ్బాలో పెట్టింది, ఆడియోకు ఏసీ-3 బదులు కుదించని పీసీఎంను వాడింది.

ఈ మార్పులు కెమెరా తయారీదారు వైపు నుంచి చూస్తే సబబైనవే. కార్డు ధర ఎక్కువ, చోటు తక్కువ ఉన్న రోజుల్లో తక్కువ బిట్లలో మంచి బొమ్మ ఇవ్వడమే వారి లక్ష్యం. ఆ బొమ్మను తరవాత కోసి, అతికించి, వెనక్కీ ముందుకీ జరిపి చూడవలసిన మనిషి ఆ లెక్కలో రెండో స్థానంలోనే ఉన్నాడు.

ఒక్క ఫ్రేము చూపడానికి అయిదు ఫ్రేములు

కుదించని హెచ్‌డీ వీడియో ఎంత ఉంటుందో మొదట చూడాలి. 1920 ని 1080 తో గుణిస్తే ఒక ఫ్రేములో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. 4:2:0 పద్ధతిలో, ఎనిమిది బిట్లలో ఒక్కో పిక్సెల్‌కు సగటున 12 బిట్లు పడతాయి. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 622 మెగాబిట్లు. ఏవీసీహెచ్‌డీ దాన్ని 24 మెగాబిట్లకు, అంటే ఇరవై ఆరో వంతుకు దించుతుంది.

ప్రతి ఫ్రేమునూ విడిగా కుదిస్తే ఇంతగా దించుతూ నాణ్యత నిలబెట్టడం కష్టం. అందుకని కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా దాస్తారు, వీటిని ఐ ఫ్రేములంటారు. ముందున్న ఫ్రేముతో పోల్చి మారినంత మేరకే దాచేవి పీ ఫ్రేములు. ముందూ వెనకా రెండింటితో పోల్చి దాచేవి బీ ఫ్రేములు. ఒక ఐ ఫ్రేము నుంచి తరవాతి ఐ ఫ్రేము వచ్చేదాకా ఉన్న గుంపు పేరు జీఓపీ. మన దేశంలో వాడే 50ఐ (సెకనుకు 50 ఫీల్డులు, అంటే 25 ఫ్రేములు) హెచ్‌డీవీలో ఈ గుంపు 12 ఫ్రేములు, అంటే అర సెకను కంటే కాస్త తక్కువ.

ఆ పన్నెండు ఫ్రేముల వరస ఇలా ఉందనుకుందాం: ఐ బీ బీ పీ బీ బీ పీ బీ బీ పీ బీ బీ. ఎడిటర్ టైమ్‌లైన్ మీద జరిపే గీతను తొమ్మిదో ఫ్రేము మీద ఆపాడు. అది బీ ఫ్రేము కనుక ఏడో ఫ్రేమూ పదో ఫ్రేమూ కావాలి. పదో ఫ్రేము కట్టాలంటే ఏడోది, ఏడోది కట్టాలంటే నాలుగోది, నాలుగోది కట్టాలంటే మొదటిది కావాలి. అంటే ఒకటి, నాలుగు, ఏడు, పది విప్పిన తరవాతే తొమ్మిదోది తెర మీదికి వస్తుంది. చూపేది ఒకటి, విప్పేవి అయిదు. పన్నెండో ఫ్రేము మీద ఆపితే, తరవాతి గుంపులోని ఐ ఫ్రేమును కూడా తెచ్చుకోవాలి. వెనక్కి నడిపితే ప్రతి అడుగులోనూ ఇదే తంతు.

సినిమా చూసేవాడికి ఈ బరువు తెలియదు, ఎందుకంటే ఫ్రేములు వరసగా వస్తాయి, ఒకసారి విప్పినదాన్ని తరవాతిది వాడుకుంటుంది. ఎడిటింగ్‌లో మనం వరసగా చూడం. అందుకే వీఎల్‌సీలో హాయిగా నడిచిన ఫైలు టైమ్‌లైన్ మీద స్ట్రక్ అవుతుంది, అక్కడ ప్లే అయినంత మాత్రాన ఇక్కడ ఎడిట్ అవుతుందని అనుకోవడానికి వీల్లేదు. హెచ్.264 ఈ వ్యవహారాన్ని మరింత చిక్కుపరిచింది: ఒక ఫ్రేము ఒకటి కంటే ఎక్కువ ఫ్రేములను ఆధారం చేసుకోవచ్చు, బీ ఫ్రేములు కూడా ఇతరులకు ఆధారం కావచ్చు. 2006, 2007 నాటి ప్రాసెసర్లు ఏవీసీహెచ్‌డీ దగ్గర చతికిలబడటానికి అదే కారణం.

ఎంటీఎస్ ఒక్కటే కాపీ చేస్తే పోయేది

ఏవీసీహెచ్‌డీ కార్డును తెరిస్తే ప్రైవేట్ అనే ఫోల్డర్, అందులో ఏవీసీహెచ్‌డీ, అందులో బీడీఎంవీ, దాని లోపల స్ట్రీమ్, క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్ అనే మూడు ఫోల్డర్లు ఉంటాయి. బొమ్మా శబ్దమూ ఉన్న ఎంటీఎస్ ఫైళ్లు స్ట్రీమ్‌లో ఉంటాయి. మిగతావి కొన్ని కిలోబైట్ల చిన్న ఫైళ్లు కావడం వల్ల కార్డు డంప్ చేసే కుర్రవాడు స్ట్రీమ్ ఫోల్డర్‌లోని ఎంటీఎస్‌లను మాత్రం డ్రైవ్‌లోకి లాగి, కార్డును ఫార్మాట్ చేసేస్తాడు. చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు అవుతుంది.

ఎఫ్ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డుల్లో ఒక్క ఫైలు 4 జీబీని మించకూడదు. అందుచేత కెమెరా సుదీర్ఘమైన షాట్‌ను ముక్కలు చేస్తుంది. కొన్ని మోడళ్లు 2 జీబీ దగ్గరే తెంచుతాయి. సెకనుకు 24 మెగాబిట్లంటే 3 మెగాబైట్లు, ఆ లెక్కన 4 జీబీ నిండటానికి దాదాపు 24 నిమిషాలు పడుతుంది. జీలకర్ర బెల్లం దగ్గర రికార్డ్ నొక్కిన కెమెరామన్ తలంబ్రాల దాకా ఆపకపోతే, ఆ ఒక్క షాట్ కార్డు మీద మూడు నాలుగు ఫైళ్లుగా పడుతుంది. ఈ ఫైళ్లు ఒకదానికొకటి కొనసాగింపని చెప్పే సమాచారం ప్లేలిస్ట్, క్లిప్‌ఇన్ఫ్ ఫోల్డర్లలో ఉంటుంది. తెంపు పడిన చోట ఒక ఫైలు చివరన మొదలైన ఆడియో ముక్క తరవాతి ఫైలు మొదట్లో పూర్తి కావచ్చు. ఫోల్డర్ మొత్తాన్ని చదివే సాఫ్ట్‌వేర్ రెండింటినీ అతికించి ఒకే క్లిప్‌గా చూపుతుంది. విడి ఎంటీఎస్‌లను ఒక్కొక్కటిగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో ఆ అతుకు దగ్గర రెప్పపాటు నిశ్శబ్దమో, చిన్న టిక్కుమనే శబ్దమో వస్తుంది. సన్నాయి గుక్క నడుమ ఆ ఖాళీ వినబడితే ఎడిటర్ తప్పే అనుకుంటారు.

కంటైనర్‌లోనూ ఒక చిన్న మెలిక ఉంది. టీవీ ప్రసారాల్లో వాడే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో డేటా 188 బైట్ల పొట్లాలుగా వస్తుంది. ఏవీసీహెచ్‌డీ, బ్లూ-రే వాడే రకంలో ప్రతి పొట్లానికి ముందు నాలుగు బైట్ల సమయ ముద్ర చేరి 192 అవుతుంది. పేరు చివర టీఎస్ అని మార్చినంత మాత్రాన ఒకటి మరొకటి కాదు. కార్డు మీద ఎంటీఎస్‌గా ఉన్న ఫైలు కెమెరా కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాం ద్వారా దిగుమతి అయితే ఎం2టీఎస్ అనే పేరుతో కనిపించవచ్చు. ఆ రెండూ మాత్రం ఒకటే.

ఫోల్డర్ల గోల ఏవీసీహెచ్‌డీతో ఆగలేదు. పానసోనిక్ పీ2 కార్డుల్లో కంటెంట్స్ అనే ఫోల్డర్ కింద వీడియో ఒక ఎంఎక్స్ఎఫ్‌గానూ, ప్రతి ఆడియో ఛానెల్ విడి ఎంఎక్స్ఎఫ్‌గానూ ఉంటాయి. సోనీ ఎక్స్‌డీక్యామ్ ఈఎక్స్‌కు బీపీఏవీ, ఎక్స్ఏవీసీ ఎస్‌కు ఎం4రూట్. కార్డును ఉన్నదున్నట్టు మొత్తంగా కాపీ చేసుకోవాలని ప్రసార రంగంలో పనిచేసేవారు పట్టుబట్టేది అందుకే.

బొమ్మ ఉండి శబ్దం లేకపోవడం

మొదట చెప్పుకున్న ఏసీ-3 సంగతికి వద్దాం. ఇది డాల్బీ సంస్థ పద్ధతి. దీన్ని చదివే భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అమ్మాలంటే తయారీదారు లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. విండోస్, మ్యాక్ రెండూ ఆ భాగాన్ని తమతోనే ఇవ్వడం మొదలుపెట్టాక ఎడిటింగ్ కంపెనీలు సొంత ఖర్చు ఎందుకని ఆలోచించాయి. అడోబీ ప్రీమియర్ ప్రో అలా డాల్బీ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలేసింది. దాంతో అప్పటికింకా విండోస్ 7 మీద ఉన్నవారికి ప్రీమియర్‌ను అప్‌డేట్ చేసిన మరునాడే ఎంటీఎస్ ఫైళ్లు మూగబోయాయి. ఇప్పుడు 24హెచ్2 తో అదే కథ ఎదురు దిక్కు నుంచి నడుస్తోంది: సాఫ్ట్‌వేర్ మారలేదు, కింది నేల కదిలింది. పాత విండోస్ నుంచి అప్‌గ్రేడ్ అయినవారికి ఆ భాగం మిగిలి ఉంటుంది, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవారికి ఉండదు. ఒకే గదిలో పక్కపక్కనున్న రెండు కంప్యూటర్లు, ఒకే వెర్షన్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో, ఒకే ఫైలుకు రెండు రకాల ఫలితం ఇవ్వడం వెనుక మర్మం ఇదే. విండోస్‌లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఎంటీఎస్‌లో శబ్దం రాదని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు.

ఈ జబ్బుకు మందు చిన్నదే. వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం పీసీఎంగా మార్చి, రెండింటినీ కొత్త ఎంఓవీ డబ్బాలో పెడితే సరిపోతుంది. దీన్ని రీర్యాప్ అంటారు. వీడియోను తిరిగి కుదించడం లేదు కనుక బొమ్మ నాణ్యత వీసమంత తగ్గదు, గంట ఫుటేజీకి పట్టే సమయం డిస్క్ వేగాన్ని బట్టి కొన్ని నిమిషాలే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టు దీన్ని ఇట్టే చేస్తుంది. అదే పనిముట్టును లోపల ఇముడ్చుకున్న కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి ఉచిత ఎడిటర్లలో అసలు ఈ సమస్యే తలెత్తదు. డబ్బు పెట్టి కొన్నది తెరవలేని ఫైలును ఉచితంగా దొరికినది తెరుస్తుందంటే నమ్మశక్యంగా ఉండదుగానీ, కోడెక్‌ల విషయంలో అది మామూలే.

హెచ్.265 దగ్గర ఈ లైసెన్సుల చిక్కు మరింత ముదిరింది. 2013 లో ఆమోదం పొందిన ఆ ప్రమాణానికి పేటెంట్ల హక్కుదారులు ఒకే గొడుగు కిందికి రాలేదు, వేర్వేరు సమూహాలుగా విడిపోయి ఎవరి రుసుము వారు అడిగారు. విండోస్‌లో దాన్ని చదివే పొడిగింపును మైక్రోసాఫ్ట్ తన స్టోర్‌లో చిన్న మొత్తానికి విడిగా అమ్మడం ఆ నేపథ్యంలోనిదే. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ లినక్స్ మీద హెచ్.264 ను కూడా తెరవదన్న సంగతి దాన్ని దింపుకుని ఇన్‌స్టాల్ చేసిన తరవాతే చాలామందికి తెలిసివచ్చింది. విండోస్, మ్యాక్‌లలో అదే ఉచిత వెర్షన్ తెరుస్తుంది. పేరు ఒకటే అయినా, ఏ సిస్టమ్ మీద నడుస్తోందన్నదాన్ని బట్టి సమాధానం మారిపోతుంది.

4:2:2, పది బిట్లు, చేతులెత్తేసిన గ్రాఫిక్స్ కార్డు

అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది పిక్సెళ్ల చిన్న దీర్ఘచతురస్రాన్ని ఊహించుకుందాం. వెలుగునీడల సమాచారం ఎనిమిదింటికీ విడివిడిగా ఉంటుంది. రంగు సమాచారం రెండు పాయలుగా ఉంటుంది. 4:2:0 లో ఒక్కో పాయకు ఆ దీర్ఘచతురస్రం మొత్తానికీ రెండే విలువలు దాస్తారు, 4:2:2 లో నాలుగు దాస్తారు. మొత్తం విలువలు మొదటి దానిలో 12, రెండో దానిలో 16. ఎనిమిది బిట్లలో ఒక్కో విలువకు 256 మెట్లుంటే, పది బిట్లలో 1,024 ఉంటాయి. 12 ను 8 తో గుణిస్తే 96 బిట్లు, 16 ను 10 తో గుణిస్తే 160. పచ్చ తెర ముందు తీసిన మనిషి జుట్టును శుభ్రంగా వేరు చేయాలన్నా, సాయంకాలపు ఆకాశంలో చారలు పడకుండా రంగు దిద్దాలన్నా ఈ అదనపు సమాచారం పనికొస్తుంది.

కంప్యూటర్ చిప్‌లలో వీడియోను విప్పడానికి ప్రత్యేకంగా చెక్కిన సర్క్యూట్ ఉంటుంది. అది చాలా వేగంగా పనిచేస్తుంది, కానీ ఏయే రకాలకు చెక్కారో వాటికే పనిచేస్తుంది, తరవాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కొత్త రకాన్ని నేర్పలేం. ఆ సర్క్యూట్‌ను కొనేవారిలో నూటికి తొంభై మందికి పైగా యూట్యూబ్, ఓటీటీ చూసేవారే ఉంటారని అనుకోవడంలో పొరపాటు లేదు. వారికి చేరే వీడియో అంతా 4:2:0. 4:2:2 ను పుట్టించేది కెమెరాలు, వాడేది ఎడిటర్లు. అందుచేత ఎన్విడియా కార్డులు ఎంత ఖరీదైనవైనా, 2025 లో ఆర్‌టీఎక్స్ 50 వరస వచ్చేదాకా 4:2:2 ను విప్పే సర్క్యూట్ వాటిలో లేదు. ఇంటెల్ మాత్రం పదకొండో తరం ప్రాసెసర్ల నాటికే తన అంతర్గత గ్రాఫిక్స్‌లో పది బిట్ల 4:2:2 హెచ్.265 ను విప్పే ఏర్పాటు చేసింది. 2020 లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్‌లోనూ అది ఉంది. ఖరీదైన డెస్క్‌టాప్ తడబడి, దాని ధరలో సగం కూడా లేని ల్యాప్‌టాప్ సాఫీగా నడిపించడంలో వింతేమీ లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఉంది కదా అని నాలుగు రూపాయలు ఆదా చేసుకుని ఆ రకం కొన్నవారు, సరిగ్గా తమకు కావలసిన సర్క్యూట్‌నే వదులుకున్నారు.

ఇందులో మరో తిరకాసు. పది బిట్ల హెచ్.264 కు చాలా చిప్‌లలో సర్క్యూటే లేదు, ఎందుకంటే ఇళ్లలో చూసే వీడియోలో ఆ రకం ఎప్పుడూ వాడుకలోకి రాలేదు. కాబట్టి ఒకే కెమెరాలో హెచ్.264 పది బిట్లు, హెచ్.265 పది బిట్లు రెండూ ఎంచుకునే వీలుంటే, గణితపరంగా ఎక్కువ బరువైన హెచ్.265 యే టైమ్‌లైన్ మీద తేలిగ్గా నడవవచ్చు. పైగా సర్క్యూట్ ఉంటే సరిపోదు, దాన్ని వాడుకునే తెలివి సాఫ్ట్‌వేర్‌కు ఉండాలి. రిజాల్వ్ విండోస్‌లో ఈ హార్డ్‌వేర్ సాయాన్ని డబ్బు చెల్లించే స్టూడియో వెర్షన్‌కే పరిమితం చేసింది.

ఉన్నదున్నట్టు కోయాలా, మార్చి కోయాలా

ఈ ఇబ్బందులకు పరిశ్రమ మొదటి నుంచీ రెండు దారులు పట్టింది. కెమెరా ఫైలును ముందే ఎడిటింగ్‌కు అనువైన మరో కోడెక్‌లోకి మార్చుకోవడం ఒకటి. ఆపిల్ 2007 లో ప్రోరెస్‌ను తెచ్చింది, అంతకు ముందే అవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్‌డీని తెచ్చింది, జపాన్‌లోని కోబే నుంచి వచ్చిన కానోపస్ సంస్థ హెచ్‌క్యూ కోడెక్‌ను ఇచ్చింది. వీటన్నిటిలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రం. ఆపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన నాటి ఫైనల్ కట్ ప్రో ఏవీసీహెచ్‌డీని నేరుగా ముట్టుకునేది కాదు, లాగ్ అండ్ ట్రాన్స్‌ఫర్ అనే కిటికీ గుండా ప్రోరెస్‌లోకి మార్చాకే లోపలికి రానిచ్చేది. రెండో దారి, కెమెరా ఫైలును ఉన్నదున్నట్టు టైమ్‌లైన్ మీద పెట్టడం. ప్రీమియర్ 2008 నాటి సీఎస్4 లో ఏవీసీహెచ్‌డీకి నేరుగా తలుపు తీసింది. అది నిజంగా సాఫీగా సాగింది మాత్రం 64 బిట్లకు మారిన 2010 నాటి సీఎస్5 తోనే. కానోపస్ వారసత్వమైన ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా 2010 ప్రాంతంలో ఏవీసీహెచ్‌డీని మార్చకుండా నడపగలిగింది. మన తెలుగు రాష్ట్రాల పెళ్లి మిక్సింగ్ యూనిట్లలో ఎడియస్ అంతగా పాతుకుపోవడానికి రెండు మూడు కెమెరాల ఫుటేజీని ఓ మోస్తరు కంప్యూటర్‌లో రెండర్ చేయకుండానే చూపడం ఒక ప్రధాన కారణం.

లెక్క వేసి చూస్తే రెండు పక్షాల వాదనా తేటపడుతుంది. ఒక పెళ్లికి రెండు కెమెరాలు, నాలుగేసి గంటల చొప్పున ఎనిమిది గంటల ఫుటేజీ. ఏవీసీహెచ్‌డీలో గంటకు 10.8 జీబీ, మొత్తం సుమారు 86 జీబీ. 25 ఫ్రేముల 1080 కి ప్రోరెస్ 422 సెకనుకు దాదాపు 122 మెగాబిట్లు తీసుకుంటుంది కనుక గంటకు 55 జీబీ, మొత్తం 439 జీబీ. అయిదు రెట్లు. ముహూర్తాల నెలలో వారానికి నాలుగు పెళ్లిళ్లు చేసే యూనిట్‌కు ఈ డిస్కుల ఖర్చూ, మార్చడానికి పట్టే గంటలూ భరించరానివి. నేరుగా కోయడమే మేలనే వారి వాదనలో బలం ఉంది.

మార్చుకోవాలనేవారు బొమ్మ మెరుగవుతుందని చెప్పడం లేదు, చెప్పకూడదు కూడా. ఎనిమిది బిట్ల 4:2:0 ని ప్రోరెస్‌లో పోస్తే కెమెరా పారేసిన రంగు తిరిగి రాదు. వారు చెప్పేది వేరు: ఒకసారి మార్చాక టైమ్‌లైన్ ఏ కంప్యూటర్‌లోనైనా తేలిగ్గా నడుస్తుంది, ఏసీ-3, విరిగిన ముక్కలు, వింత ఫోల్డర్లు వంటి తలనొప్పులన్నీ ఆ ఒక్క గుమ్మం దగ్గరే తేలిపోతాయి, నలుగురు ఎడిటర్లు పంచుకునే పనిలో ఒకరి దగ్గర తెరుచుకున్నది మరొకరి దగ్గర తెరుచుకోకపోవడం ఉండదు. రంగుల దిద్దుబాటు, గ్రాఫిక్స్ ఎక్కువగా ఉండే ప్రకటనలకూ డాక్యుమెంటరీలకూ ఈ వాదన సరిగ్గా అతుకుతుంది.

ఈ మధ్య అందరూ సూచించేది ప్రాక్సీ. అసలు ఫైలును పక్కన పెట్టి, దాని తేలికపాటి నకలు మీద కోసి, చివర్లో అసలుతో రెండర్ చేయడం. 4కే 4:2:2 ఫుటేజీకి ఇది చక్కటి మార్గం. పాత ఏవీసీహెచ్‌డీకి మాత్రం ఒక విషయం గమనించాలి: పూర్తి 1080 పరిమాణంలో ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకు దాదాపు 38 మెగాబిట్లు తీసుకుంటుంది, అసలు ఏవీసీహెచ్‌డీ తీసుకునేది 24. నకలు అసలు కంటే లావు. ప్రాక్సీ ఇక్కడ ఆదా చేసేది ప్రాసెసర్ శ్రమను, డిస్క్ చోటును కాదు. పరిమాణాన్ని సగానికో పావుకో తగ్గించి తీసినప్పుడే చోటు కూడా కలిసివస్తుంది.

తెరుచుకున్నా తప్పుగా కనిపించేవి

ఫైలు తెరుచుకుని, శబ్దం వచ్చి, సాఫీగా నడిచినా బొమ్మ తేడాగా ఉండే సందర్భాలున్నాయి. 1080 గీతల హెచ్‌డీవీలో అడ్డంగా ఉండేది 1,440 పిక్సెళ్లే. ఒక్కో పిక్సెల్‌ను 1.33 రెట్లు వెడల్పు చేసి చూపితేనే 1,920 అవుతుంది. ఆ సూచనను సాఫ్ట్‌వేర్ పట్టించుకోకపోతే పెళ్లికొడుకు పది కిలోలు తగ్గినట్టు సన్నగా కనిపిస్తాడు. ఇక 50ఐ ఫుటేజీలో ప్రతి ఫ్రేమూ సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా ఉంటుంది. హెచ్‌డీలో పై ఫీల్డ్ ముందు, పాత డీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తాయి. పాత డీవీ క్లిప్‌ను హెచ్‌డీ టైమ్‌లైన్‌లో కలిపినప్పుడు ఈ వరస తిరగబడితే, నడుస్తున్న మనిషి ప్రతి అడుగుకూ కాస్త వెనక్కి జంకినట్టు బొమ్మ వణుకుతుంది. క్లిప్ లక్షణాల్లో ఫీల్డ్ వరసను సరిచేయడంతో అది పోతుంది.

టేపుల్లో మిగిలిపోయిన హెచ్‌డీ

కార్డు మీది ఫైలుకు ఎన్ని చిక్కులున్నా అది ఫైలుగానే ఉంది. హెచ్‌డీవీ టేపు సంగతి అలా కాదు. దాన్ని చదవడానికి పనిచేసే హెచ్‌డీవీ కెమెరా గానీ డెక్ (టేపు ఆడించే పరికరం) గానీ ఉండాలి. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కంప్యూటర్ ఉండాలి. ఆ పోర్టును గుర్తించే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. 2025 లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ తాహోలో ఆపిల్ ఫైర్‌వైర్ మద్దతును తొలగించింది. విండోస్‌లో పాత ఫైర్‌వైర్ కార్డులు, డ్రైవర్లతో ఇంకా నెట్టుకురావచ్చు. హెచ్‌డీఎంఐ తీగతో బొమ్మను పట్టుకునే క్యాప్చర్ పరికరాలు ఉన్నాయిగానీ, వాటిలో టేపు మీది ఎంపెగ్-2 విప్పబడి మళ్లీ మరో కోడెక్‌లో కుదించబడుతుంది. ఫైర్‌వైర్‌లో మాత్రం టేపు మీద ఉన్న బిట్లు అలాగే ఫైలులోకి వస్తాయి. అలా వచ్చిన ఎం2టీ ఫైలును నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఏ ఇబ్బందీ లేకుండా తెరుస్తాయి. ఎంపెగ్-2 పేటెంట్ల గడువు అమెరికాలో 2018 నాటికి తీరిపోయింది, నేటి ప్రాసెసర్‌కు ఆ కోడెక్ ఏపాటి బరువూ కాదు. ఎంపెగ్-2 కు సంబంధించినంతవరకు మిగిలిన అడ్డంకి అంతా ఆ తీగ దగ్గరా, రోజురోజుకూ తగ్గిపోతున్న పనిచేసే డెక్‌ల దగ్గరా ఉంది.